స్ట్రాడివేరియస్ లేబుల్ ఉన్న పాత వయొలిన్ కొనాలా? కొనబోయి వదిలేసిన వాయిద్యాల గురించి నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: పదమూడేళ్ళ మీ అమ్మాయి నాలుగేళ్ళుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది, వర్ణాలు దాటి కీర్తనల్లోకి వచ్చింది. తెలిసినవాళ్ళ ద్వారా ఒక పాత జర్మన్ వయొలిన్ బేరానికి వచ్చింది. లోపల స్ట్రాడివేరియస్ అని లేబుల్ ఉంది, 90 వేలు చెబుతున్నారు. తీసుకోవచ్చా? దాంతోపాటు, కొనబోయి మానేసి, మానేసినందుకు తర్వాత సంతోషపడినవి ఎవరికైనా ఉన్నాయా అని కూడా అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఆ లేబుల్ చూసి, ఆ ధరకి అయితే వద్దండి. వయొలిన్ మంచిదే అయ్యుండొచ్చు, చూడకుండా చెడ్డదని అనను. మరమ్మతు తెలిసిన మనిషికి లోపలా బయటా చూపించండి. పగుళ్ళు లేవని తేలితే, లేబుల్ లేదనుకుని లెక్కగట్టి బేరమాడండి. ధర సగానికి దిగినా నేను ఆశ్చర్యపోను. దిగకపోతే నిశ్చింతగా వదిలేయండి.

నేను చాలా ఏళ్ళుగా వయొలిన్ పాఠాలు చెబుతున్నాను, కచేరీల్లో పక్కవాద్యం వాయిస్తాను. వాయిద్యం కొనేముందు పిల్లల అమ్మానాన్నలు నన్ను వెంట తీసుకెళ్తుంటారు. అలా వెళ్ళి కొనిపించినవాటి కన్నా వద్దని చెప్పి వెనక్కి వచ్చేసినవే ఎక్కువ. నా కోసం చూసుకుని వదిలేసినవీ ఉన్నాయి. వాళ్ళడిగే ధరలో నాదానికి ఎంత, దాని చుట్టూ చెప్పే కథకి ఎంత అని విడదీసి చూసుకున్న ప్రతిసారీ డబ్బు మిగిలింది. మిగిలింది తీగలకీ, బోకీ (తీగల మీద లాగే కమాను), మరమ్మతుకీ పనికొచ్చింది.

లేబుల్ సంగతి

ఎడమవైపు ఎఫ్ హోల్‌లోంచి, అంటే పై పలకలో ఎఫ్ అక్షరంలా కోసిన కంతలోంచి, టార్చి వేస్తే వెనక పలక మీద చిన్న కాగితం కనిపిస్తుంది. "ఆంటోనియస్ స్ట్రాడివేరియస్ క్రెమోనెన్సిస్ ఫాసియెబాట్ అన్నో 17.." అని లాటిన్‌లో అచ్చువేసి ఉంటుంది. చివరి రెండంకెలు చాలా వాటిలో చేత్తో రాసి ఉంటాయి, కొన్నిట్లో అదీ అచ్చే. కాగితం పసుపు రంగుకి తిరిగి, అంచులు మాసిపోయి, చూడగానే గుండె ఝల్లుమనేలా ఉంటుంది. మీకూ అలాగే అనిపించి ఉంటుంది.

ఇటలీలోని క్రెమోనాలో పనిచేసిన అసలు స్ట్రాడివారి 1737లో పోయాడు. ఆయన చేసినవాటిలో ఇప్పుడు మిగిలినవి సుమారు 650. అవి ఎవరి దగ్గర ఉన్నాయో, చేతులెలా మారాయో దాదాపు అన్నిటికీ చరిత్ర ఉంది. చాలా వాటికి పేర్లు కూడా ఉన్నాయి. 1721లో చేసిన 'లేడీ బ్లంట్' అనే వయొలిన్ 2011లో వేలానికి వస్తే 98 లక్షల పౌండ్లు పలికింది. అలాంటిది తెలిసినవాళ్ళ ద్వారా 90 వేలకి రాదు.

మరి ఈ లేబుళ్ళు ఎక్కడివి? పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలోని మార్క్‌నొయ్‌కిర్షెన్, మిట్టెన్‌వాల్డ్, ఫ్రాన్స్‌లోని మిరెకూర్ ఊళ్ళలో వయొలిన్లు లక్షల్లో తయారయ్యాయి. ఒక ఇంట్లో మెడలు చెక్కేవారు, ఇంకో ఇంట్లో పలకలు తీసేవారు, మరొకచోట అతికి వార్నిష్ వేసేవారు. ఏ ఉస్తాదు నమూనా చూసి చేశారో ఆయన పేరుతో లేబుల్ అంటించడం అప్పటి అలవాటు. వేరే ఊళ్ళో నేసిన చీరని కంచి బోర్డర్ అని అమ్మినట్టే అనుకోండి. ఆ రోజుల్లో కొన్నవాళ్ళకి ఈ సంగతి తెలుసు. మూడు తరాలు మారాక ఆ కాగితమే ఆస్తి పత్రం అయి కూర్చుంది.

ఇంకో గుర్తు చెబుతాను. లేబుల్ కింద చిన్న అక్షరాల్లో 'మేడ్ ఇన్ జర్మనీ' అనో, ఉత్త 'జర్మనీ' అనో ఉందేమో చూడండి. సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో సుంకాల చట్టం తెచ్చాక ఎగుమతి వాయిద్యాల మీద అది వేయడం పెరిగింది. 'చెకోస్లొవేకియా' అని ఉంటే 1918కి ముందుది కానే కాదు, అసలు ఆ దేశం పుట్టిందే అప్పుడు. స్ట్రాడివేరియస్ పేరు, 1721 సంవత్సరం, కింద చెకోస్లొవేకియా, మూడూ ఒకే కాగితం మీద ఉన్న వయొలిన్ నేను చేత్తో పట్టుకుని చూశాను. దాన్ని అమ్మే ఆయన అబద్ధమాడటం లేదు. వాళ్ళ తాతగారు చెప్పింది నమ్మి మనస్ఫూర్తిగా చెబుతున్నాడు. ఇలాంటిచోట ఎదుటివాణ్ణి మోసగాడిలా చూడకుండా మర్యాదగా బయటికి రావడం కూడా మనం నేర్చుకోవాలి.

మన వైపు ఇలాంటివి తగలడం వింత కాదు. విజయనగరంలో సంగీత కళాశాల 1919లో మొదలైంది, ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన చోటు అది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో, గోదావరి జిల్లాల్లో, ఒకప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఫిడేలు నేర్చుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అటక దింపితే పాత పెట్టె ఒకటి బయటపడుతుంది. వాటిలో నిజంగా బాగా పలికేవి ఉన్నాయి. వాటి ధర లేబుల్ చెప్పదు, చెక్క చెబుతుంది.

నేను వదిలేసిన పాత వయొలిన్

నా కోసం చూసుకున్నదే ఇది. పెద్దాయన ఒకరు వాయించినది. ఎర్రటి వార్నిష్, వెనక పలక మీద పులిచారల్లా మేపుల్ చెక్క గీతలు, చూస్తే ఇంటికి తీసుకెళ్ళాలనిపించే వాయిద్యం. షడ్జం మీటగానే గది నిండింది. డబ్బు సిద్ధంగానే ఉంది. మరమ్మతు చేసే ఆయన మాత్రం వాయించనివ్వకుండా ముందు తిరగేసి పట్టుకున్నాడు. పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం ఎఫ్ హోల్‌లోకి దించి, టార్చి వేసి, నన్ను చూడమన్నాడు. సౌండ్ పోస్ట్ నిలబడ్డ చోట వెనక పలకలో నిలువునా వెంట్రుకవాసి గీత. దానికి అడ్డంగా మూడు చిన్న చెక్క బిళ్ళలు అతికి ఉన్నాయి. పైనుంచి చూస్తే వార్నిష్ కింద ఏమీ తెలియదు.

సౌండ్ పోస్ట్ అంటే పై పలకకీ వెనక పలకకీ మధ్య జిగురు లేకుండా నిలబెట్టే సన్నటి కర్రముక్క. తీగల బరువు వాటిని మోసే బ్రిడ్జి మీదుగా దిగి దాని మీద పడుతుంది. వెనక పలకలో సరిగ్గా ఆ చోట పగులు వచ్చిందంటే వయొలిన్ వ్యాపారంలో దాని ధర సగానికి పైగా పడిపోతుంది. పగులు అతికించవచ్చు, మంచి పనివాడు అతికిస్తే ఏళ్ళ తరబడి వాయించుకోవచ్చు కూడా. కాని నన్ను అడిగింది పగులు లేని ధర. వదిలేశాను. తర్వాత వేరేవాళ్ళు కొన్నారు. ఒక వేసవి గడిచేసరికి ఆ గీత మళ్ళీ తెరుచుకుంది. మరమ్మతుకి చెన్నై పంపాల్సి వచ్చిందని విన్నప్పుడు ఆ వాయిద్యం మీద జాలేసింది, నా నిర్ణయం మీద మాత్రం సంతోషమే కలిగింది.

మీరు చూడబోయే వయొలిన్‌కి నా పద్ధతి ఇది. అన్నీ మీరే చేయలేరు, కాని ఏం చూడాలో తెలిస్తే పనివాడిని సరిగ్గా అడగగలరు.

ఫింగర్ బోర్డు అంటే వేళ్ళతో తీగని నొక్కే పొడవాటి పలక. దాని పక్క అంచు దగ్గర, తీగల కింద కాకుండా, ఎక్కడైనా గీత పడి ఉంటే పరీక్షగా చూడండి. నల్లచేవ మాను అంటే ఎబొనీ అయితే లోపల కూడా నలుపే. తెల్లటి చెక్క కనిపిస్తే అది రంగు వేసిన మామూలు చెక్క. పాత చవక వయొలిన్లలో ఇది మామూలు. మన సంగీతానికి ఇది పెద్ద లోపం. మనం స్వరాన్ని నొక్కి వదిలేయం కదా, జారు, కంపితం అంటూ వేలు తీగ వెంబడి తిరుగుతూనే ఉంటుంది. మెత్తటి చెక్క మీద తొందరలోనే గాడి పడుతుంది. గాడి పడ్డచోట గమకం వేస్తే తీగ జరజరలాడుతుంది. బోర్డు మార్చడం పెద్ద ఖర్చు.

బిరడాల పెట్టెలో, ముఖ్యంగా సారణి బిరడా కంత చుట్టూ, పగులు ఉందేమో చూడండి. అంచుల వెంబడి వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్ళండి. అతుకు ఊడినచోట చప్పుడు మారుతుంది, డొల్లగా వినిపిస్తుంది. అతుకు ఊడటం జబ్బు కాదండి. వయొలిన్‌ని వేడిచేసిన జంతుజిగురుతో అతుకుతారు. ఎండలకీ ఉక్కకీ చెక్క సాగి ముడుచుకున్నప్పుడు చెక్క చీలకుండా అతుకు ఊడాలనే ఆ జిగురు వాడతారు. తెలిసిన పనివాడు తిరిగి అంటించేస్తాడు. అసలు జబ్బు ఏమిటంటే, ఎవరో వడ్రంగి మధ్యలో చెయ్యిపెట్టి తెల్లజిగురు పోయడం. అది ఊడదు, తర్వాతి వేసవిలో చెక్కే చీలుతుంది. అతుకుల దగ్గర పాలరంగు మరకో, గాజులా మెరిసే గడ్డో కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి.

లోపల బాస్ బార్ కూడా చూడమనండి. పై పలకకి లోపలివైపు నిలువుగా అతికే పట్టీ అది. చవకరకం పాత జర్మన్ వాటిలో విడిగా అతకకుండా పలకలోనే చెక్కేసి వదిలేశారు. అలాంటిది 20 వేలకి అభ్యాసానికి తీసుకోవచ్చేమో గాని 90 వేల మాట లేదు.

"పాతదైతేనే నాదం" అనే మాట

దీని మీద కొంచెం గట్టిగానే చెబుతాను, ఎందుకంటే పిల్లల తల్లిదండ్రులు ఈ మాట దగ్గరే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటున్నారు.

క్లాడియా ఫ్రిట్జ్ అనే ఫ్రెంచి పరిశోధకురాలు, జోసెఫ్ కర్టిన్ అనే అమెరికా వయొలిన్ తయారీదారు కలిసి దీన్ని పరీక్షించారు. 2010లో ఇండియానాపొలిస్ పోటీ దగ్గర 21 మంది వయొలినిస్టులకి కళ్ళకి నల్లద్దాలు పెట్టి, చీకటి గదిలో కొత్తవీ పాతవీ చేతికిచ్చారు. పాతవాటిలో స్ట్రాడివారి చేసినవి ఉన్నాయి. ఎక్కువమంది ఇంటికి తీసుకెళ్తామన్నది కొత్త వాయిద్యాన్నే. ఆ తర్వాత పారిస్ దగ్గర పదిమంది పేరున్న సోలో కళాకారులతో మళ్ళీ చేసి 2014లో ఫలితం ప్రచురించారు. ఏది పాతది, ఏది కొత్తది అన్నది వాళ్ళు గుర్తుపట్టలేకపోయారు. పాత వాయిద్యాలు గొప్పవి కావని దీని అర్థం కాదు. మంచి పనివాడి చేతిలో నిన్న తయారైన వయొలిన్ కూడా గొప్పగా పలకగలదని అర్థం. అదే డబ్బుకి అమ్మాయికి కొత్తది, పగుళ్ళు లేనిది, ఎబొనీ బోర్డు ఉన్నది దొరుకుతున్నప్పుడు, వయసుకి డబ్బు కట్టాల్సిన పనేమిటి?

ఇందులో మన పద్ధతికి సంబంధించిన మెలిక ఒకటుంది. వయొలిన్‌ని పాశ్చాత్యులు కట్టుకునే శ్రుతి వేరు, మనం షడ్జ పంచమ షడ్జ పంచమాలకి కట్టుకునేది వేరు. మీ అమ్మాయి ఐదు కట్టై శ్రుతిలో (కట్టై అంటే షడ్జం ఎంత ఎత్తులో ఉందో చెప్పే లెక్క) వాయిస్తుంటే కింది రెండు తీగలు పాశ్చాత్యుల పద్ధతిలోనే ఉంటాయి, పై రెండూ ఒక్కో స్వరం దిగుతాయి, అంతే. ఒకటిన్నర కట్టైలో మగ గాత్రానికి పక్కవాద్యం వాయించేవాళ్ళకి అన్నీ బాగా దించుకోవాలి, తీగ బిగువు తగ్గిపోతుంది. ఆ బిగువుకి పలకని వాయిద్యాలు, పాశ్చాత్య శ్రుతిలో మాత్రం మోగిపోయేవి, చాలా ఉన్నాయి. దుకాణంలో వాళ్ళు కట్టి ఉంచిన శ్రుతిలో విని ముచ్చటపడొద్దు. మీ అమ్మాయి శ్రుతికి కట్టించి, మంద్రస్థాయిలో తోడి గాంధారమో, భైరవి ఆలాపనో వాయించమనండి. మీరు ఇరవై అడుగుల దూరంలో కూర్చుని వినండి. చెవి పక్కన గలగలలాడేది సభలో మూడో వరసకి చేరకపోవడం నేను చాలాసార్లు చూశాను.

మిగతా నేను వదిలేసినవి, వదిలేయించినవి

సింహం తల చెక్కిన వయొలిన్. మెడ చివర మెలికలా చెక్కే చుట్ట ఉండాల్సిన చోట నోరు తెరిచిన సింహం, అంచుల వెంబడి ముత్యపుచిప్ప పొదిగిన పని. పెళ్ళిళ్ళలో వాయించే ఒక మిత్రుడు వేదిక మీద కంటికింపుగా ఉంటుందని తెగ ముచ్చటపడ్డాడు. మనం కింద కూర్చుని, కుడిపాదం మీద ఆ చుట్టని ఆనించి వాయిస్తాం. రెండు గంటల కచేరీలో ఆ సింహం చెవులు మడమ మీద గుచ్చుకుంటూ ఉంటే రాగం మీద ధ్యాస ఎక్కడ నిలుస్తుంది? దుకాణంలోనే చాప వేయించి కూర్చోబెట్టి వాయించమన్నాను. కాసేపటికి తనే లేచి వద్దన్నాడు. ఇప్పటికీ కనిపించినప్పుడల్లా ఆ సంగతి తలుచుకుంటాడు.

షోల్డర్ రెస్టులు, అంటే వయొలిన్ కింద తగిలించి భుజానికి ఆనించే పట్టీలు, కూడా ఈ కోవలోవే. ఆన్‌లైన్‌లో వయొలిన్ సామాన్లు వెతికితే అవే ముందు కనిపిస్తాయి, కొన్నిటికి వేలల్లో ధర. అవి నిలబడి, గడ్డం కింద పట్టుకుని వాయించేవాళ్ళ కోసం. మన కూర్చునే పద్ధతికి వాటితో పని లేదు. కొత్తగా చేరే ప్రతి పిల్లవాడి తండ్రీ ఒకటి కొనేసి వస్తున్నాడు కాబట్టి మొదటి పాఠంలోనే ఈ మాట చెప్పేస్తున్నాను. అమెరికాలో స్కూల్ ఆర్కెస్ట్రాలో కూడా వాయించే మన పిల్లలకి మాత్రం అవసరమే, వాళ్ళు రెండు పద్ధతులూ పాటించాలి.

ఎలక్ట్రిక్ వయొలిన్ విషయంలో నేను చాలాకాలం ఊగిసలాడాను. అపార్ట్‌మెంట్‌లో తెల్లవారుజామున సాధన చేయాలంటే పక్కవాళ్ళతో ఇబ్బంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకోవచ్చన్నది ఆశ. ఒకరి దగ్గర తెచ్చుకుని కొన్నాళ్ళు వాయించాను. సన్నటి అనుస్వరాలు అందులో చదునుగా వినిపించాయి. బో ఒత్తిడి కాస్త మారితే మామూలు వయొలిన్‌లో నాదం ఎలా మారుతుందో ఆ తేడా చేతికి తెలియడం మానేసింది. చెవిలో పడేది తీగ నాదం, పెట్టెది కాదు. తిరిగి ఇచ్చేసి, బ్రిడ్జికి తగిలించే రబ్బరు మ్యూట్ కొన్నాను, దాని ఖరీదు కొన్ని వందలు. ఫ్యూజన్ వాయించేవాళ్ళకి, డ్రమ్స్ మధ్య నిలబడేవాళ్ళకి ఎలక్ట్రిక్ కావాలి, వాళ్ళు తప్పక కొనాలి. నేర్చుకునే పిల్లలకి వద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

2020లో పాఠాలన్నీ ఆన్‌లైన్‌కి వచ్చినప్పుడు ఖరీదైన కండెన్సర్ మైకు కొనడం దాకా వెళ్ళాను. నేను నిలిపి వాయించే స్వరం అవతలివాళ్ళకి మధ్యలో తెగిపోయి, నీళ్ళలోంచి వచ్చినట్టు వినబడేది. మైకు లోపం అనుకున్నాం. నా శిష్యురాలు ఒకామె సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది, ఆమె చెప్పింది: వీడియో కాల్ యాప్‌లు మాటని ఉంచి మిగతాది రొద అనుకుని తీసేస్తాయి, సాగదీసిన స్వరం వాటి లెక్కలో ఫ్యాను చప్పుడు లాంటిది. సెట్టింగుల్లో అసలు ధ్వనిని అలాగే పంపమనే మీట ఒకటుంది, అది నొక్కగానే సరిపోయింది. పైగా మా ఇల్లు రోడ్డు పక్కన, అంత సున్నితమైన మైకు పెడితే ఆటోల హారన్లన్నీ పాఠంలోకి వచ్చేవి. మైకు కన్నా ముందు గది సంగతి చూసుకోవాలి.

వీణల గురించి

మీరు వీణ గురించి అడగలేదు, కాని ఇక్కడ చదివేవాళ్ళలో వీణ కొనేవాళ్ళుంటారని రాస్తున్నాను. ఏనుగుదంతం పొదిగిన పాత వీణ ఒకటి మా బంధువులకి అమ్మకానికి వచ్చింది. యాళి ముఖం దగ్గరా, కుండ అంచునా తెల్లగా మెరిసే పనితనం, చూసినకొద్దీ చూడాలనిపించింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద దంతపు వస్తువుల వ్యాపారం నేరం. ఇంట్లో తాతల నాటిది ఉండటం వేరు, డబ్బిచ్చి కొనడం వేరు. విదేశాలకి తీసుకెళ్తే విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. అది వదిలేసి మా బంధువులు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేయించుకున్నారు. అక్కడ సర్వసిద్ధి కుటుంబాలవాళ్ళు ఒకే పనస దుంగలో కుండ, దండి, మెడ తొలిచి చేస్తారు, భౌగోళిక గుర్తింపు ఉన్న పని అది. చేసే మనిషితో కూర్చుని, మనకి కావలసిన పొడవు, బరువు చెప్పి చేయించుకునే అదృష్టం పాతదాన్ని కొంటే రాదు.

ఒక్క జాగ్రత్త. అక్కడ చిన్న చిన్న కానుక వీణలు కూడా చేస్తారు, బల్ల మీద పెట్టుకునేవి. పిల్లలు నేర్చుకోవడానికని వాటిని కొనకండి, అవి వాయించేవి కావు. ఇంకొకటి, వీణకి 24 మెట్లూ మైనం మీద నిలబడతాయి. మే నెలలో మూసిన కారులో వీణ వదిలితే మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి, మళ్ళీ మేళం కట్టించాలి, అంటే మెట్లని స్వరానికి సరిచేసి నిలబెట్టించాలి. మేళం కట్టేవాళ్ళు దగ్గర్లో లేని ఊళ్ళో ఉండేవాళ్ళు, ముఖ్యంగా విదేశాల్లో ఉండేవాళ్ళు, ఎంత చవకగా వచ్చినా పాత వీణ కొనేముందు ఆ సంగతి చూసుకోవాలి.

మరి ఎక్కడ వెనకాడకూడదు?

ఇదంతా చదివి ఏదీ కొనకుండా ఆగిపోతారేమోనని నా భయం. వదులుకోకూడనివి కూడా ఉన్నాయి.

బో. తల్లిదండ్రులు వయొలిన్‌కి 40 వేలు పెట్టి దాంతోపాటు ఉచితంగా వచ్చిన బోతోనే ఏళ్ళు గడిపేస్తారు. కచేరీలో మనకి వినిపించే తేడాలో సగం బోదే. మీ బడ్జెట్‌లో పావు వంతు బోకి కేటాయించండి. కర్ర మీద కన్నుపెట్టి చూస్తే పక్కకి వంగి ఉండకూడదు, మర తిప్పినప్పుడు వెంట్రుకలు సమంగా బిగియాలి. పెర్నాంబుకో అంటూ పెద్ద ధర చెబితే తొందరపడకండి. బ్రెజిల్‌లో పెరిగే ఆ చెట్టు కర్ర 2007 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో ఉంది, ఆ పేరుతో వేరే కర్రలూ అమ్ముడవుతున్నాయి. మన ఉక్కపోత ఊళ్ళకి మధ్యరకం కార్బన్ ఫైబర్ బో చక్కగా సరిపోతుంది, వంకరపోదు.

తీగలు కూడా అంతే. నాసిరకం తీగలు వేసిన మంచి వయొలిన్ కన్నా మంచి తీగలు వేసిన మామూలు వయొలిన్ మేలనిపిస్తుంది చాలాసార్లు. బ్రిడ్జి సరిగ్గా చెక్కించండి. మీకు 90 వేలు అందుబాటులో ఉంటే, నేనైతే 45, 50 వేలకి కొత్త వయొలిన్, 15 వేల దాకా బో, మంచి తీగలు, గట్టి పెట్టె కొని, మిగిలింది మరమ్మతుకీ బో వెంట్రుకలు మార్పించడానికీ ఉంచుతాను.

ఇంకో విషయం మర్చిపోయాను. అమ్మాయికి పదమూడంటున్నారు. చెయ్యి చాపించి కొలవండి. మెడ దగ్గర నుంచి అరచేయి మధ్య దాకా 58 సెంటీమీటర్లు దాటితేనే ఫుల్ సైజు. తక్కువైతే ముప్పావు సైజులోనే ఇంకో ఏడాది ఉంచండి. "ఎలాగూ పెరుగుతుంది కదా" అని పెద్దది కొంటే చిటికెనవేలు స్వరం మీదకి అందక లాగి పట్టుకోవడం అలవాటవుతుంది. ఆ అలవాటు తర్వాత మాన్పించడం నాకు తెలిసి వయొలిన్ పాఠంలో అన్నిటికన్నా కష్టమైన పని. చెయ్యి ఇంకా అంత పొడవు రాకపోతే ఈ ఒక్క కారణం చాలు, ఆ పాత జర్మన్ వయొలిన్ ఇప్పుడు వద్దనడానికి.

ఎదురు వాదన కూడా నిజాయితీగా చెప్పాలి. నాకు తెలిసిన ఒక విద్వాంసుడి దగ్గర అసలు లేబులే లేని పాత వయొలిన్ ఉంది. మిరెకూర్‌దేమోనని మరమ్మతు చేసేవాళ్ళ అంచనా. రంగు వెలిసి, ఒక మూల అరిగిపోయి, ఎవరూ ముట్టుకోకుండా దుకాణంలో ఒక మూల పడి ఉండేది. ఆయన నెల రోజులు ఇంట్లో వాయించి చూసుకుని తక్కువ ధరకే తీసుకున్నారు. ఆ మంద్రపంచమం ఇవాళ్టికీ నా చెవిలో ఉంది. పాతవి వద్దని నేననడం లేదు. చెప్పే కథని కాకుండా చేతిలో ఉన్న చెక్కని కొనమంటున్నాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది: అమ్మేవాళ్ళని ఒక వారం ఇంట్లో ఉంచుకుని వాయించుకోనివ్వమని అడగండి. అడ్వాన్సు ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ వారంలో మీ గురువుగారికి చూపించండి, మరమ్మతు చేసే మనిషి దగ్గరికి తీసుకెళ్ళండి. వారం ఇవ్వం, వేరేవాళ్ళు రేపే కొంటున్నారంటే, కొననివ్వండి. ఇస్తే మాత్రం వెనక పలక మొత్తం కనిపించేలా ఒకటి, బిరడాల పెట్టె రెండు పక్కలా, ఫింగర్ బోర్డు అంచు దగ్గరగా, లేబుల్ కింది అక్షరాలు చదవగలిగేలా పగటి వెలుతురులో ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. పైనుంచి కనిపించేంతవరకు నేను చూసి చెబుతాను. లోపలి సంగతి అద్దం పెట్టి చూసినవాళ్ళే చెప్పాలి.